తన చేతులంటే తనకే భయం

ఆ కాన్పుల ఆసుపత్రి రెండో అంతస్తులో, వరండా చివర, చిన్న గది ఒకటి ఉంది. గోడలకు తెల్ల టైల్సు, కిటికీ కింద నడుమెత్తు గట్టు, గట్టులో దింపిన స్టీలు తొట్టి. పుట్టిన పిల్లలకు స్నానాలు అక్కడే. ఆ గదిలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఆయాను అందరూ స్నానాలక్క అనేవారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు.

ఆమె పని చూడముచ్చటగా ఉండేది. మోచెయ్యి నీళ్ళలో ముంచి వేడి చూసుకునేది. బిడ్డ మెడను ఎడమ మణికట్టు మీద ఆనించి, వేళ్ళు అవతలి చంక కిందికి పోనిచ్చి పట్టుకునేది. చూసేవాళ్ళకు ఆ పట్టు వదులుగా ఉన్నట్టే ఉండేది గాని బిడ్డ ఇసుమంత కూడా జారేది కాదు. మొదటి కాన్పు తల్లులు పక్కన నిలబడి ఊపిరి బిగబడితే, వాడు ఇన్ని నెలలూ లోపల ఈదుతూనే ఉన్నాడమ్మా, మీకంటే వాడికే అనుభవం ఎక్కువ అని నవ్వించేది. మెడ మడతల్లో, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో ఎలా తుడవాలో వాళ్ళ చేతే చేయించేది. ఇంటికి వెళ్ళేముందు చాలామంది ఆమె చేతులు పట్టుకుని ఒక పట్టాన వదిలేవారు కాదు.

భర్త ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు బాగుచేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఒక్కతే కూతురు. పెళ్ళయి అదే ఊళ్ళో, బస్సెక్కితే అరగంట దూరంలో ఉండేది. ఏళ్ళు గడిచినా పిల్లలు కలగక, వచ్చిన కడుపు నిలవక, ఏడ్చి ఏడ్చి ఊరుకున్న తర్వాత మళ్ళీ నెల తప్పింది. నాకేం భయం లేదు, బిడ్డను మా అమ్మ చేతుల్లో పెడితే చాలు అని అందరితో అనేది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా తల్లికి కడుపు నిండిపోయేది.

కూతురికి ఐదో నెల ఉండగా ఇది మొదలైంది.

ఆ రోజు టీ తాగుతూ ఒక నర్సు ఫోన్‌లో వార్త చదివి వినిపించింది. ఎక్కడో ఎవరో పనిమనిషి, తనకు అప్పగించిన పసిబిడ్డను నీళ్ళ బకెట్టులో ముంచి చంపేసిందట. అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. "ఆ ముండకి చేతులెలా వచ్చాయో" అంది ఒకామె. స్నానాలక్క కూడా ఆ మాటే అంది. గ్లాసు కడిగి బోర్లించి లోపలికి వెళ్ళింది. తర్వాతి బిడ్డను తొట్టిలోకి దించింది. బిడ్డ కళ్ళు తెరిచి కిటికీ వెలుతురు చూస్తున్నాడు. మెడ కింద తన మణికట్టు. దాన్ని చూస్తుండగా అనుకోకుండా ఒక ఆలోచన వచ్చింది. ఈ చెయ్యి తీసేస్తే?

గుండె గుభేలుమంది.  బిడ్డను సబ్బు నురగతోనే పైకి లాగి గుండెకు అదుముకుంది. అదాటున లాగడంతో వాడు కెవ్వుమని ఏడ్చాడు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మమ్మ ఎవరో ఏమైందని అడిగితే, చేతికి తిమ్మిరెక్కిందని చెప్పింది. ఆ రోజు మిగతా పిల్లలకు ఎలా చేయించిందో ఆమెకే తెలియదు. ప్రతి ఒక్కరినీ తుడిచి, బట్టల్లో చుట్టి, ఉయ్యాల్లో పెట్టాక మళ్ళీ వెనక్కి వెళ్ళి పొట్ట కదులుతోందా లేదా అని చూసి వచ్చింది.

మర్నాటికి పోతుందనుకుంది. పోలేదు. రాకూడదని ఎంత గట్టిగా అనుకుంటే అంత గట్టిగా వచ్చింది. తొట్టి కనబడితే వచ్చేది, తర్వాత కొళాయి చప్పుడికే వచ్చేది, ఆ తర్వాత ఉదయం కళ్ళు తెరవగానే తనకోసం కాచుకుని ఉన్నట్టు ఎదురొచ్చేది. నాకెందుకీ ఆలోచన? మనసులో లేనిదే ఎందుకొస్తుంది? ఇన్నాళ్ళూ నేను మంచిదాన్నని అనుకున్నాను, లోపల ఇంకెవరో ఉన్నారా? నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇలా తనలో తనే ప్రశ్నలు, తనలో తనే జవాబులు. ఒక్క జవాబూ సరిపోయేది కాదు.

పని తప్పించుకోవడం మొదలుపెట్టింది. మణికట్టు నొప్పని గుడ్డ చుట్టుకుంది. మిగతా ఆయాల చేత స్నానాలు చేయించి తను తువ్వాళ్ళు అందించేది. అయినా సాయంత్రం వెళ్ళేముందు హెడ్ సిస్టరు దగ్గరికి పోయి, పిల్లలందరూ బాగున్నారు కదా అని అడిగేది. బాగున్నారక్కా అంటే ఊపిరి వచ్చేది. మెట్లు దిగి గేటు చేరేసరికి మళ్ళీ అనుమానం. సిస్టరు సరిగ్గా చూసి చెప్పిందా? మళ్ళీ పైకెక్కేది. మొదట్లో సిస్టరు నవ్వింది, తర్వాత విసుక్కుంది, చివరికి ఆమె ముఖంలోకి పరీక్షగా చూసి, కొన్నాళ్ళు దుప్పట్లు, పక్కబట్టలు ఉండే గదిలో పనిచెయ్యమంది. పెద్ద బరువు దిగినట్టయింది. ఆ మరుక్షణమే, చూశావా, సిస్టరుకు కూడా తెలిసిపోయింది అనిపించింది.

ఇంట్లో కూరగాయల కత్తి గుడ్డలో చుట్టి అలమర పైన, చెయ్యి అందని చోట పెట్టింది. కూరలు తరగడం భర్త వంతయింది. ఆయన వంకాయను నాలుగు ముక్కలు చేసి ఇదే తరగడం అనేవాడు. మేడ మీదికి బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళడం మానేసింది. పక్కింటివాళ్ళు పసిపాపను ఎత్తుకొస్తే తలనొప్పని లోపలికి వెళ్ళిపోయేది. ఏమయిందని భర్త అడిగితే ఏం లేదనేది. ఏమని చెబుతుంది? జ్వరం వచ్చిందంటే చెప్పుకోవచ్చు. పసిబిడ్డను చంపుతానేమోనని భయంగా ఉందని ఏ నోటితో చెప్పడం? చెబితే ఆ నోరు పడిపోదా? ముందు వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళి నిద్ర పట్టడం లేదని మాత్రం చెప్పింది. ఆయన నీరసానికి సీసా మందు, నిద్రకు బిళ్ళలు రాశాడు. బిళ్ళలు వేసుకున్న రోజున, మత్తులో లేచి ఎవరినేం చేస్తానో అన్న భయం కొత్తగా పట్టుకుంది. వాటిని చెత్తలో పారేసింది.

కూతురు అదే ఆసుపత్రిలో ప్రసవించింది. ఆడపిల్ల. బిడ్డ అరుపు వినగానే స్నానాలక్క గోడకు ఆనుకుని ఏడ్చింది. అందరూ ఆనందబాష్పాలనుకున్నారు. నర్సులు సంబరంగా ఆమె కోసం గది కడిగి, నీళ్ళు కాచి, తువ్వాలు పరిచి పెట్టారు. అక్క మనవరాలికి అక్కే స్నానం చేయించాలి అని బిడ్డను తెచ్చి చేతులు చాపమన్నారు. ఆమె చేతులు చాపలేదు. వెనక్కి అడుగులు వేసింది. నా వల్ల కాదమ్మా అని, అందరూ చూస్తుండగా, వరండాలోంచి దాదాపు పరుగెత్తుతూ కిందికి వెళ్ళిపోయింది. ఆ సంగతి కూతురికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఇంటికి వచ్చాక కూతురు మొదట ఎదురుచూసింది. తల్లి రోజూ వండి తెచ్చేది. గిన్నెలు గడప దగ్గర అల్లుడి చేతికిచ్చి, బస్సు పోతుందని వెంటనే తిరిగి వెళ్ళిపోయేది. లోపలికి వచ్చిన రోజున మంచానికి ఆమడ దూరంలో నిలబడేది. ఎత్తుకోమ్మా అంటే చేతులు మురికిగా ఉన్నాయనేది. కుట్లు ఇంకా మానని కూతురు ఒక మధ్యాహ్నం పడుకున్నచోటి నుంచే అడిగింది.

"ఊళ్ళో అందరి పిల్లల్నీ ముద్దు చేశావు. నా బిడ్డ ఏం పాపం చేసిందమ్మా? ఆడపిల్లయినందుకా?"

"అయ్యో, కాదే."

"మరేంటో చెప్పు."

తల్లి ఖాళీ గిన్నెలు సంచిలో సర్దుకుంది. దాన్ని కూతురు తనకు తోచినట్టు అర్థం చేసుకుంది.

ఆ సాయంత్రం భర్త జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు. కన్నకూతురు అంతగా ఏడుస్తుంటే నీకు మనసెలా ఒప్పుతోంది, నువ్వు మనిషివేనా అన్నాడు. ఆయన కోపంలో అన్న మాట. ఆమెకు అది తీర్పులా వినిపించింది.

ఇంతలో అసలు గండం వచ్చింది. ఒకరోజు అల్లుడు పనికి పోయాడు. స్నానాలక్క గిన్నెలు పెట్టి వెళ్ళబోతుండగా కూతురు హఠాత్తుగా బిడ్డను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టేసి, ఒక్క నిమిషం చూడమ్మా, నాకు కడుపులో తిప్పుతోంది అని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బిడ్డ ఆమె చేతుల్లో. ఎదురుగా వంటగది తలుపు తెరిచి ఉంది. గట్టు మీద కత్తి, పక్కన నీళ్ళ బకెట్టు. అన్నీ ఒక్కసారి కనబడ్డాయి. తల లోపల ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. వణుకు చూసి, ఇదిగో చేతులు లేస్తున్నాయి, ఇక చేసేస్తాను అనిపించింది. చాప మీద బిడ్డను పడుకోబెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చేసింది. తలుపు బార్లా తెరిచే ఉంది.

కూతురు వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. బిడ్డ నేల మీద గుక్కపట్టి ఏడుస్తోంది.

ఎండలో ఉత్తికాళ్ళతో నడుస్తూ స్నానాలక్క ఒక నిర్ణయానికి వచ్చింది. తను బయట తిరగకూడదు. తనకు బిడ్డ అందని చోటు ఒక్కటే కనబడింది. పోలీసు స్టేషన్లోకి వెళ్ళి, బల్ల దగ్గర కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ ముందు నిలబడింది.

"నన్ను లోపల వెయ్యండి సార్."

ఆయన తల ఎత్తి చూశాడు. శుభ్రమైన చీర, తెల్లబడుతున్న జుట్టు, కాలి వేళ్ళకు దుమ్ము.

"ఏం చేశావమ్మా?"

"ఇంకా ఏం చెయ్యలేదండీ. చేస్తానేమోనని."

"ఎవర్ని?"

"నా మనవరాల్ని."

ఆయన కలం కింద పెట్టాడు. చేసినవాళ్ళని పట్టుకోడానికే మాకు జనం చాలడం లేదు, చెయ్యనివాళ్ళని కూడా పట్టుకోమంటే ఎలాగమ్మా అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. ఫ్యాను కింద బెంచీ చూపించాడు. ఇంట్లో ఎవరైనా కొట్టారా, కోడలితో గొడవా, మందేమైనా తాగావా అని తనకు తెలిసినవన్నీ అడిగాడు. దేనికీ అవునని రాలేదు.  ఆమె చేతే భర్త నంబరు చెప్పించుకుని ఫోను చేశాడు.

భర్త షాపు బట్టలతోనే, చేతులకు గ్రీజుతోనే వచ్చాడు. భార్య పోలీసు స్టేషన్లో ఉందంటే దొంగతనం మొదలు దొమ్మీ దాకా అన్నీ ఊహించుకుంటూ వచ్చాడు. ఆయన ముందే ఆమె మొదటిసారి అంతా చెప్పింది. తలెత్తకుండా, బెంచీ అంచు పట్టుకుని, తొట్టి దగ్గర వచ్చిన మొదటి ఆలోచన నుంచి చాప మీద పెట్టిన బిడ్డ దాకా. చెప్పి, ఇప్పుడు తెలిసింది కదా, వెళ్ళిపో అంది. ఆయన వెళ్ళలేదు. అలాగని దగ్గరికీ రాలేదు. రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

హెడ్ కానిస్టేబులే కదిలాడు. తన తమ్ముడొకడు చర్మం ఊడేదాకా చేతులు కడిగేవాడని, పెద్దాసుపత్రిలో ఒక మానసిక వైద్యురాలు బాగుచేసిందని చెప్పాడు. "నీది అదో కాదో నాకు తెలీదమ్మా. కానీ ఇది స్టేషన్ పని కాదు" అని చిరునామా చెప్పి, ఆటో పిలిచి ఎక్కించాడు. ఆమె చివరిదాకా లాకప్ తలుపు వైపే చూస్తూ వెళ్ళింది. తను లోపల ఉండి అది మూసి ఉంటే ఎంత నిశ్చింతగా ఉండేదో అనిపించిందట.

ఆ డాక్టరమ్మ కూతురి కంటే రెండేళ్ళు పెద్దదేమో. స్నానాలక్క చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు. ఈమె ఎదురుచూసింది ఆ మార్పు కోసమే. డాక్టరమ్మ తిన్నగా కొన్ని ప్రశ్నలు అడిగింది. ఆ ఆలోచన వచ్చినప్పుడు చెయ్యాలని కోరికగా ఉంటుందా, ఒళ్ళు జలదరిస్తుందా? బయటి నుంచి ఎవరో ఆజ్ఞ ఇచ్చినట్టు వినబడుతుందా, మీ ఆలోచనేనని తెలుస్తుందా? బిడ్డ మీద ఎప్పుడైనా కోపం వచ్చిందా? ఇదంతా భరించలేక చచ్చిపోవాలనిపిస్తోందా? చివరిదానికి ఆమె ఉలిక్కిపడి, తర్వాత తలూపింది. పోతే పీడా పోతుంది, పిల్ల బతుకుతుంది అంది. డాక్టరమ్మ వెంటనే భర్తను లోపలికి పిలిచి, ఈమెను కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దని, అలాంటి ఆలోచన గట్టిపడితే ఏ వేళైనా సరే తీసుకురమ్మని చెప్పింది. అప్పుడు అసలు విషయానికి వచ్చింది.

"దీనికి ఓసీడీ అని పేరు. ఆందోళన జబ్బులకు దగ్గరి చుట్టం. పాడు ఆలోచనలు అందరికీ వస్తాయండీ. రైలొస్తుంటే, ఇప్పుడు దూకితే అనిపిస్తుంది. ఛీ అనుకుంటాం, రైలెక్కుతాం, మరిచిపోతాం. మీకు వచ్చినదాన్ని మీరు పోనివ్వలేదు. నిలబెట్టి, నువ్వెందుకొచ్చావని పంచాయితీ పెట్టారు. ఇంటికి కుక్క ఉండటం మంచిదే. దొంగను చూసి మొరగాలి. మీ కుక్క పాలవాణ్ణి చూసి కూడా మొరుగుతోంది. మొరిగినప్పుడల్లా మీరు లేచి తలుపులన్నీ బిగిస్తుంటే, అది నిజంగా దొంగే వచ్చాడనుకుంటుంది."

స్నానాలక్క అంతా విని, అయితే నేనెప్పటికీ అలా చెయ్యనని రాసివ్వండి అంది.

"రాసివ్వను" అంది డాక్టరమ్మ. "ఒక్కసారి మాత్రం చెబుతాను. నాకు మీ మీద భయం లేదు. ఇంకోసారి అడిగితే జవాబు చెప్పను. ఎందుకంటే కాగితం ఇచ్చినా మీరు బస్టాపు చేరేలోపు ఇంకో అనుమానం వస్తుంది. మీరు నేర్చుకోవాల్సింది హామీ లేకుండా బతకడం. నా పిల్లల సంగతి నాకు మాత్రం ఎవరు రాసిచ్చారు?"

ఆ మాట ఆమెకు ఓదార్పు కాలేదు. నీళ్ళలో మునిగేవాడికి ఈత నేర్పుతానన్నట్టు ఉందని దారి పొడుగునా భర్తతో అంది.

వైద్యం అంటే బిళ్ళ మింగి పడుకోవడం అనుకుంది. బిళ్ళలు ఉన్నాయి. మొదటి వారాల్లో వాటితో కడుపులో వికారం, ఇంకా ఎక్కువ దడ. పని చెయ్యడానికి సమయం పడుతుంది, ఆపొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఆపలేదు. అసలు కష్టం రెండోది. భయపడేదాని నుంచి పారిపోకుండా, దాని దగ్గర కూర్చోవడం. మొదట ఆ ఆలోచనను పైకి చెప్పమంది డాక్టరమ్మ. మనసులో వేల సార్లు తిరిగిన మాట నాలుక మీదికి రావడానికి ఒక పూట పట్టింది. చెప్పాక వాంతి చేసుకుంది. మళ్ళీ చెప్పించింది. తర్వాత అలమర పైన ఉన్న కత్తి కిందికి దిగింది. రోజూ కూరలు తనే తరగాలి, భర్త పక్కనే కూర్చోవాలి. తర్వాత ప్లాస్టిక్ బొమ్మకు బకెట్టులో స్నానం. గుండె ఎంత కొట్టుకున్నా లేచి పోకూడదు. సరిగ్గా చేశానా అని మళ్ళీ చూసుకోకూడదు. భయం దానంతటది దిగేదాకా కూర్చోవాలి.

భర్తకు కూడా ఒక పని అప్పగించారు. జవాబు చెప్పకుండా ఉండటం. జీవితమంతా మాట్లాడని మనిషికి అదేం కష్టమని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆమె తన కాళ్ళ దగ్గర కూర్చుని, ఒక్కసారి చెప్పవయ్యా, నేను చెడ్డదాన్ని కాదని ఒక్కసారి చెప్పు అని బతిమాలుతుంటే, కాదే పిచ్చిదానా అనే మాట గొంతుదాకా వచ్చేది. మింగేవాడు. తెలీదు, అలాగే కూర్చుందాం అనేవాడు, డాక్టరమ్మ నేర్పినట్టు. ఒకసారి ఆమె స్టీలు గ్లాసు విసిరింది. ఆయన నుదురు చిట్లింది. రక్తం చూసి ఆమె, చూశావా నేను చేస్తానన్నాను కదా, చేశాను కదా అని తల బాదుకుంది. ఆ వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళలేదు. మందులూ మానేసింది. గోడ వైపు తిరిగి పడుకుంది. కూతురికి ఫోను చేస్తే ఎత్తలేదు. చాప మీద వదిలేసి పోయిన రోజు నుంచీ కూతురు తల్లి పేరు ఎత్తడం లేదు.

భర్తే వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాడు. ఆవిడ ఫోను చేసి, గ్లాసు విసిరింది మీ జబ్బు కాదండీ, కోపం, కోపం మనుషులకే వస్తుంది, రేపు ఇద్దరూ రండి అంది. వెళ్ళారు. మళ్ళీ కత్తి, మళ్ళీ బొమ్మ, మళ్ళీ మొదటి నుంచి.

బాగుపడటం ఒక్కరోజులో తెలియలేదు. ఒక ఉదయం బెండకాయలు తరుగుతూ, ఇవి ముదురువి తెచ్చావని భర్తను తిట్టింది. తిట్టాక గుర్తొచ్చింది, కత్తి చేతిలో ఉందని. అప్పటిదాకా గుర్తు రాలేదు. ఆ ఆనందం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. అయినా డాక్టరమ్మ అది విని బల్ల మీద చిన్నగా చరిచింది.

కూతురికి చెప్పాలా వద్దా అన్నదాని మీద ఇంట్లో పెద్ద తర్జనభర్జన జరిగింది. చెబితే శాశ్వతంగా తెగిపోతుందని భర్త భయం. చెప్పకపోయినా ఇప్పటికే తెగింది కదా అని ఆమె వాదన. చివరికి డాక్టరమ్మ గదిలోనే చెప్పడానికి ఒప్పుకున్నారు. కూతురు వచ్చింది. బిడ్డ మెడ నిలిపి, కాళ్ళు తన్నుతూ ఆమె భుజం మీద ఉంది. తల్లి ఏమీ దాచకుండా చెప్పింది. నీళ్ళు అన్న మాట దగ్గర కూతురి చెయ్యి తనకు తెలియకుండానే బిడ్డ వీపు మీద బిగుసుకుంది. కుర్చీ కాస్త వెనక్కి జరిగింది. తల్లి అది చూసింది. తను అన్ని నెలలూ పగలూ రేయీ భయపడిన దృశ్యం అదే. ఎదురుగా జరిగింది. జరిగినా కూర్చునే ఉంది.

"నన్ను పెంచేటప్పుడు కూడా ఇలాంటివి వచ్చాయా?" అని అడిగింది కూతురు.

"లేదు. వచ్చి ఉంటే నిన్ను కూడా ఎవరికైనా ఇచ్చేసి పారిపోయేదాన్నేమో."

డాక్టరమ్మ జబ్బు గురించి చెప్పినదంతా కూతురు విన్నది. తలూపింది. కోపం లేదంది. కానీ నాకు కొంచెం టైం ఇవ్వండి అని లేచి వెళ్ళిపోయింది. తలుపు దగ్గర బిడ్డ వెనక్కి తిరిగి అమ్మమ్మను చూసి నోరంతా తెరిచి నవ్వింది. పసిపిల్లలు ఫ్యానును చూసి కూడా అలాగే నవ్వుతారు. అయినా దాన్ని తలచుకుంటూ స్నానాలక్క చాలా రోజులు గడిపింది.

నెలలు గడిచాయి. ఆసుపత్రిలో ఆమె పక్కబట్టల గదిలోనే ఉంది. స్నానాల గదికి ఇప్పుడు వేరే అమ్మాయి. డాక్టరమ్మ ప్రోద్బలంతో వారానికి ఒకసారి అక్కడికి వెళ్ళి, తువ్వాలు అందించి, ఆ అమ్మాయి తిప్పలు పడుతుంటే పట్టు చూపించి వచ్చేది. లోపల ఆలోచనలు వచ్చేవి. వచ్చి, వాటితో పోట్లాడేవాళ్ళు లేక కాసేపటికి డీలా పడేవి. కొన్ని రోజులు మాత్రం పాత రోజుల్లాగే మీద పడేవి. అలాంటి రోజున ఇంటికొచ్చి, ఇది ఎప్పటికీ పోదు కదా అని కుమిలిపోయేది. పూర్తిగా పోకపోవచ్చునని డాక్టరమ్మ కూడా దాచలేదు.

కూతురు ఫోను ఎత్తడం మొదలుపెట్టింది. మాటలన్నీ కూరలు, ఎండలు, అల్లుడి పని గురించే. బిడ్డ సంగతి ఆమె చెప్పదు, ఈమె అడగదు. బోర్లాపడింది, పాకింది, పళ్ళొచ్చాయి అన్నవన్నీ అల్లుడు మామగారికి చెప్పేవాడు. అలా ఆమెకు తెలిసేవి. ఆ నెలలు తిరిగి రావని, ఏ మందూ వాటిని తెచ్చివ్వలేదని స్నానాలక్కకు తెలుసు. ఆ దుఃఖానికి జబ్బు పేరు లేదు, అది మామూలు దుఃఖమే.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. కూతురి గొంతు బొంగురుపోయి ఉంది. ఒళ్ళు కాలిపోతోందట, నిలబడలేకపోతోందట. అల్లుడికి సెలవు దొరకలేదంది. "నువ్వు రాగలవా?" అంది. నాన్నను కూడా తీసుకురా అనలేదు. ఒక్కదాన్నే రమ్మంటున్నావా అని అడగబోయి, అది కూడా హామీ అడగడమేనని గుర్తుపట్టి, మింగేసింది. వస్తున్నానని చెప్పి బయలుదేరింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపుల ముందు దిగిపోదామనిపించింది. దిగలేదు.

కూతురు తలుపు తీసి, గోడ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళి పడుకుంది. బిడ్డ హాల్లో ఉంది. ఇప్పుడు పాకుతోంది, కుర్చీ కాళ్ళు పట్టుకుని లేస్తోంది. కొత్తమనిషి వైపు కాసేపు బెరుకుగా చూసింది. తర్వాత ఆమె చీర కొంగు పట్టుకుని లాగింది. స్నానాలక్క ఎత్తుకుంది. అనుకున్నదానికంటే బరువుంది. ఎత్తుకోగానే ఆలోచన రానే వచ్చింది, ఎప్పటి మాటలతోనే.  గదిలోకి వెళ్ళి కూతురి పక్కన పడుకోబెట్టేద్దామనిపించింది. వెళ్ళలేదు. బిడ్డకు మెత్తగా కలిపిన అన్నం తినిపించింది. బిడ్డ సగం ఉమ్మింది, మిగతా సగం ఆమె ముక్కుకు పూసింది. నీళ్ళతో ముఖం కడిగింది. ఆ నీళ్ళ దగ్గర ఆలోచన మళ్ళీ వచ్చింది. కడిగింది. తుడిచింది. మళ్ళీ చూసుకోలేదు. భయం తగ్గలేదు, దానంతటది ఉంది, తన పనులు తను చేసుకుంటూ పోయింది.

ఎండ కిటికీ మీదికి వచ్చేసరికి బిడ్డకు నిద్రమత్తు ఆవరించింది. గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె గుండెల మీద చెంప పెట్టి, చొంగ కారుస్తూ పడుకుంది. చెయ్యి తిమ్మిరెక్కుతున్నా స్నానాలక్క కదల్లేదు. ఊపిరి ఆడుతోందా అని వంగి చూడాలని ఒక్కసారి గట్టిగా అనిపించింది. చూడలేదు. కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొడుతుంటే వింటూ కూర్చుంది.

లోపలి గదిలోంచి కూతురు పిలిచింది. గొంతు ఎండిపోతోంది, కాసిని మంచినీళ్ళు ఇవ్వమ్మా అంది.

"పిల్ల నా మీద పడుకుందే. నేను లేస్తే అదీ లేస్తుంది. కాసేపాగు" అంది తల్లి.

లోపల మంచం కిర్రుమంది. కూతురు లేచి వస్తుందేమో, బిడ్డను తీసేసుకుంటుందేమో అని ఆమె చూసింది. రాలేదు. అటు నుంచి ఇటు దొర్లిన చప్పుడు. "సరే" అంది కూతురు, నిద్రలోకి జారుతూ.